సర్వేయరు వచ్చేలోగా

గంగాళం దొర్లుకుంటూ వచ్చి కారు తలుపును గుద్దింది. నకిరేకల్ బజారు మొత్తం తల తిప్పి చూసింది.

సైదులు చాయ్ వదిలేసి ఉరికాడు. పదమూడేళ్ళ పాత మోరిస్ కారు. దాన్ని కిరాయికి తిప్పుకునే బతుకుతున్నాడు. ముందు తలుపుకు పళ్ళెమంత సొట్ట.

ఎడ్లబండి దిగి ఓ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. వచ్చీరాగానే గంగాళాన్ని తడిమి చూసింది.

"హమ్మయ్య, దీనికేం కాలే!"

"మరి నా బండికో?"

అప్పుడు తలెత్తింది. ఆ కళ్ళు చూడగానే సైదులు కోపం సగం జారిపోయింది. మిగతా సగాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"తప్పు నాదే. తాడు సరిగ్గ కట్టలే. నేను అంజయ్య బిడ్డను, అండాలును. గిన్నెల సొట్టలు తీసే దుకాణం మాదే. గిదిగూడ నేనే తీస్త."

"గిది బిందె కాదు, మోటరు!"

"బిందె సరిగ్గ చెయ్యకుంటె నీళ్ళు కారుతయి. నీ తలుపులకెల్లి ఏం కారుతది?"

చుట్టూ జనం నవ్వారు. సైదులుకు ఉక్రోషం వచ్చింది.

"నాకు బీమా ఉన్నది!" అని విసురుగా కారెక్కాడు.

బీమా ఏజెంటు రామచంద్రం తలుపు చూసి పెదవి విరిచాడు.

"క్లెయిము పెట్టొచ్చు. కని నష్టం లెక్కగట్టే సర్వేయరు హైదరాబాదు నుంచి సోమవారం గాని రాడు. గాయన చూసేదాక సొట్ట మీద సుత్తె పడొద్దు. పడ్డదా, పైస రాదు."

"శుక్రవారం పానగల్లుల పెండ్లి కిరాయి ఉన్నదన్నా! సొట్టబండిల పెండ్లికొడుకును ఎక్కిస్తరా? గది పోతె ఈ పెండ్లిళ్ళ కాలమంత నన్నెవలు పిలువరు."

"అయితె క్లెయిము ఇడిచిపెట్టు. పాత బండికి ఎట్లైన కోసుకోనే ఇస్తరు. పైంగ వచ్చే ఏడాది బీమా కట్టేకాడ తగ్గింపు పోతది. కని గా పిల్ల తలుపు చెడగొడితె బీమా పైసలూ, పెండ్లి కిరాయీ రెండూ పాయె. సోంచాయించుకో."

బుధవారమంతా ఆలోచించాడు. పొద్దువాలేసరికి మోరిస్ అంజయ్య దుకాణం ముందు ఆగింది.

"బీమావాళ్ళు రాలేదా?" అంది అండాలు.

"సోమవారం వస్తరు. నువ్వు సుత్తె పెట్టినంక వచ్చినా లాభం లేదు."

ఆమె ముఖంలో అల్లరి పోయింది. "అంటే, నేను చెడగొడితె నీకు ఏ దిక్కూ లేదు."

"లేదు."

"మరెందుకొచ్చినవు?"

"వేరేటోళ్ళయితె ఎడ్లను తిడుతుండె. నువ్వు తప్పు నాదే అన్నవు."

అండాలు గబుక్కున తల దించుకుని సుత్తెల సంచిలో ఏదో వెతికింది. చాలాసేపు వెతికింది.

గురువారం పొద్దున్నే తలుపు లోపలి అట్ట ఊడదీసింది. బయటి నుంచి ఇనుపదిమ్మ ఆనించమని సైదులుకిచ్చి, లోపలి నుంచి కొయ్యసుత్తెతో మొదలుపెట్టింది.

"నడుమల కొడితె రేకు సాగుతది. అంచుల నుంచి రావాలె. కదలకు! దిమ్మను చూడు."

"దిమ్మనే చూస్తున్న."

"దిమ్మ గక్కడున్నది."

సైదులు చెవులు ఎర్రబడ్డాయి. సుత్తె దెబ్బ ఒకటి లయ తప్పింది.

మధ్యాహ్నానికి సొట్ట పోయింది. పెచ్చులు లేచినచోట నల్లరంగు పూశారు.

శుక్రవారం పెండ్లికొడుకు తండ్రి కారు చుట్టూ తిరిగి సరిగ్గా ఆ తలుపు దగ్గరే ఆగాడు. సైదులు గబగబా ఆయన పక్కకు పోయాడు.

"గీ ఒక్క తలుపు కొత్తది ఏసినవా? తక్కినయి గింత నున్నగ లెవ్వు," అన్నాడాయన.

ఊరేగింపు అయ్యేలోగా ఇంకో రెండు పెళ్ళిళ్ళకు బేరం కుదిరింది.

సోమవారం రామచంద్రం సర్వేయరును వెంటబెట్టుకొచ్చాడు. కారు అంజయ్య దుకాణం ముందే దొరికింది. అక్కడ పనేమిటని అడిగితే సైదులు టైరు తన్ని చూశాడు.

సర్వేయరు తలుపంతా తడిమాడు. "సొట్ట ఏదయ్యా?"

"తీయించిన సార్. క్లెయిము వద్దు."

"ఇంత బాగా ఎవరు తీశారు?"

"అండాలు."

"మీకేమవుతుంది?"

సైదులు అండాలు వైపు తిరిగాడు.

అండాలే అందుకుంది. "గా ముచ్చట మా నాయిన్ని అడగాలె సార్. నలభై ఏండ్ల సుత్తె మోతకు జర చెవుడొచ్చింది. బజారంత ఇనేటట్టు అడగాలె." ఆమె చూపు మాత్రం సర్వేయరు మీద లేదు.

సైదులు నేరుగా దుకాణంలో పని చేసుకుంటున్న అంజయ్య ముందుకు నడిచాడు. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"మామా!" అని కేక పెట్టాడు.

అంజయ్య ఉలిక్కిపడి చెవులు మూసుకున్నాడు.

"గట్ల ఒర్రుతవేంది? చెవుడెవలికి? ఐదు రోజులసంది మీ ఇద్దరి ముచ్చట్లు అన్నీ ఇనుకుంటనే ఉన్న. పో, మీ అమ్మను తోలుకరా. లగ్గం మాట్లాడుదాం."