మెరూన్ పేజీ

ఎనిమిదింటికి కూతురు ఐసు ఫ్యాక్టరీ నుంచి సంచిలో ఇంకో పుస్తకం మోసుకొచ్చేసరికి, అద్దకం షెడ్డులో తండ్రి బురద పట్టిన రంగు తొట్టి కడుగుతున్నాడు.

"పుస్తకాలకేమైనా జ్వరమొచ్చిందా, ఐసులో పెట్టించావు?"

"తడిసిన పుస్తకం ఊరికే వదిలేస్తే బూజు పడుతుంది నాన్నా. గడ్డకట్టిస్తే పాడవకుండా ఉంటుంది. ఒక్కొక్కటే తెచ్చుకుని ఆరబెట్టుకోవచ్చు."

వరద తగ్గి వారమైంది. మూడు వందల రంగుల కొలతలు ఆ పుస్తకాల్లోనే ఉన్నాయి. ఈ రోజు కావలసింది మాత్రం ఒక్కటే, మెరూన్. నాటకశాల తెరలో సగం వరదకు కుళ్లిపోయింది. మిగిలిన సగంతో కలిసే రంగు మధ్యాహ్నానికి చూపిస్తే పని వీళ్లది, లేకపోతే పక్కూరి వాళ్లది. ఈ పని పోతే షెడ్డుకు తాళం వేసేస్తానని తండ్రి నిన్ననే అనేశాడు.

రెండు రోజులుగా ఫ్యాను కింద ఆరిన మెరూన్ పుస్తకాన్ని కూతురు తెరిచింది. పేజీ మీద నీలి మరక తప్ప ఏమీ లేదు. నలభై ఏళ్లు ఇంకు పెన్నుతో రాసిన తండ్రి స్టూలు మీద కూలబడ్డాడు.

"అయిపోయిందమ్మా. తాళంచెవి ఇలా ఇవ్వు."

"ఆగు నాన్నా." కూతురు పేజీని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంది. మార్జిన్ నిండా బూడిదరంగు అక్షరాలు. "ఇది నీ రాత కాదే."

షెడ్డు మూలన ఇస్త్రీ చేస్తున్న తల్లి తల ఎత్తలేదు. "నాదే."

"నా పుస్తకంలో నువ్వు రాశావా?" తండ్రి గొంతు లేచింది.

"మీ పెన్ను ముట్టుకోవద్దన్నారుగా, అందుకే పెన్సిల్‌తో రాశాను. మీరు రాసేసి వెళ్లిపోయేవారు. తొట్టి దగ్గర నిలబడింది నేను. మీ కొలతకి మెరూన్ ఎప్పుడైనా వచ్చిందా? వంకాయ రంగు వచ్చేది. సరైన కొలతంతా పక్కన రాసుకున్నాను."

"నాకు చెప్పొద్దూ?"

"మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ టీ పెట్టమన్నారు."

తండ్రి లేచి తొట్టి కింద పొయ్యి వెలిగించి, త్రాసు ముందుకు లాక్కున్నాడు. "చదువు. నేను తూస్తాను."

పన్నెండింటికి నాటకశాల మేనేజరు వచ్చాడు. తల్లి ఆరబెట్టి ఇస్త్రీ చేసిన కొత్త గుడ్డను, ఆయన తెచ్చిన పాత ముక్కను కిటికీ గట్టు మీద పక్కపక్కన పరిచారు. ఆయన రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు. చివరికి ఒకటి తీసి సంచిలో పెట్టుకున్నాడు.

"మాది తీసుకున్నాను. ఇప్పుడు మీది బయట ఎండలో చూడాలి, ఇలా ఇవ్వండి."

"మీరు సంచిలో పెట్టుకున్నదే మాదండీ," అంది తల్లి.

ఆయన గుడ్డ బయటికి తీసి చూసి పగలబడి నవ్వాడు. "ఇంక చూసేదేముంది? రేపే మొదలుపెట్టండి."

ఆయన వెళ్లాక తండ్రి కొత్త పుస్తకం తెరిచి, తన పెన్ను భార్య ముందు పెట్టాడు. "ఇక నుంచి నువ్వే రాయి."

ఆవిడ పెన్ను వెనక్కి నెట్టింది. "నీళ్లకి నిలవనిది నాకెందుకు? పెన్సిల్ చెక్కివ్వండి."

ఆయన బ్లేడు వెతుక్కుంటూ అడిగాడు, "టీ కూడా పెట్టనా?"

"పెట్టండి. కొలత నేను చెబుతాను."