ఎంటర్ పక్కనున్న కీ

కూతురిని మరాఠీ బళ్ళో వేసి తెలుగు రాకుండా చేసింది పెంటమ్మ. ఆమె పోయి మూడేళ్ళయినా మొగుడు శంకర్రావు ఆ తప్పు క్షమించలేదు.

ఆ కూతురు దర్శన సోమవారం ఉదయం 9:15కి ముంబయి కామాఠిపురా చాల్‌లోని తమ గది నుంచి వెళ్ళింది. తిరిగి రాలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. రాత్రే పోలీసులకు కంప్లైంట్ ఇచ్చాడు శంకర్రావు.

మంగళవారం, 11:00. వర్లిలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆడశవాన్ని చూసి వచ్చాడు శంకర్రావు. రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్. శవం దర్శనది కాదు.

మిగిలిన ఆధారం దర్శన లాప్‌టాప్. లినక్స్. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడుగుతోంది.

ఇద్దరిని పిలిపించాడు. లాప్‌టాప్ సెట్ చేసిన నాగ్‌పాడా మెకానిక్ తుషార్. దర్శన ఆఫీసులో పనిచేసే సీమా.

"పాస్‌వర్డ్ ఏంది?"

"అమ్మ పేరు పెట్టిన అన్నది కాకా," అంది సీమా.

తుషార్ ఇంగ్లిష్ అక్షరాల్లో పెంటమ్మ అని కొట్టాడు. తప్పు. మొదటిది పెద్దక్షరం చేశాడు. తప్పు.

"పిల్లను నువ్వే దాచినవారా?" తుషార్‌ను నిలదీశాడు శంకర్రావు.

"నాకేం కర్మ కాకా! మీ ఇంట్ల చాయ్ గూడ తాగలే."

"పాస్‌వర్డ్ పెట్టినప్పుడు ఏం జూసినవ్?"

"ఎనిమిది కీలు. సూడకుంట టకటక కొట్టింది. నడుమ ఒకటి ఎంటర్ పక్కది. గలత్ పడ్డదా అంటే, బరోబరే అన్నది."

శంకర్రావు తలెత్తాడు.

"ఇంగ్లిష్ పెంటమ్మల ఎంటర్ పక్క కీ ఏడుందిరా?"

తుషార్ వెతికాడు. లేదు.

"సీమా, మీ ఆఫీసుల ఏం కొడ్తరు?"

"దినమంత మరాఠీ."

"మరాఠీల ఆ కీ ఏ అక్షరం?"

"ట."

అంతే. పాస్‌వర్డ్ అడిగే ఆ ప్రాంప్ట్‌కు ఇంగ్లిష్ తప్ప ఏదీ తెలియదు. తెర మీద పడేవి చుక్కలే. దర్శన వేళ్ళు అలవాటుగా మరాఠీ కొట్టాయి. ఆ కీల మీది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే పాస్‌వర్డ్ అయ్యాయి.

తుషార్ ఫోన్‌లో తెలుగు కీబోర్డ్ బొమ్మ తెరిచాడు. పెంటమ్మకు ఏ కీలో చూసి కొట్టాడు. తప్పు.

"దానికి తెలుగెక్కడిదిరా? మరాఠీల హ్రస్వం ఎ లేదు. పే అని దీర్ఘం. చివర కూడా మ్మా. సీమా, నువ్వు కొట్టు."

సీమా కళ్ళు మూసుకుని కొట్టింది. 11:42. డిస్క్ తెరుచుకుంది.

పెళ్ళి రిజిస్ట్రేషన్ ఫారం. వధువు దర్శన, వరుడు కిరణ్. దాదర్, మంగళవారం, 12:30.

"బతికే ఉంది కాకా!" సీమా ఏడ్చేసింది. "టాక్సీ ఎక్కితే అందుకుంటం. లేవండి!"

శంకర్రావు ఫారం చివరిదాకా చదివాడు.

తల్లి: కీర్తిశేషులు పెంటమ్మ.

తండ్రి: కీర్తిశేషులు శంకర్రావు.

లాప్‌టాప్ మూత వేశాడు.

"కంప్లైంట్ వాపస్ తీసుకుంట. ఈ ముచ్చట నా ముందట మల్ల ఎవ్వరు ఎత్తొద్దు. నేను సచ్చేదాంక ఎత్త."