అవుటర్‌లో ఆగిన తాబేలు

"ఊరందరికీ బొమ్మల ఛానెల్ వొస్తంది. మా ఇంటికి ఒక్కదానికే ఎందుకు రాదు?"

ఆలిస్ గొడుగు ముడవకుండానే అడిగింది. గొడుగు మీది నీళ్ళన్నీ విల్‌ఫ్రెడ్ బల్ల మీద, బల్ల మీదున్న వైర్ల మీద పడ్డాయి. ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర, వెంకటరావు రేడియో దుకాణం పైనున్న ఆ గదిని అందరూ కేబుల్ ఆఫీసు అంటారు. ఒక బల్ల, రెండు కుర్చీలు, డాబా మీద డిష్షు. ఆఫీసంటే అంతే.

"సిగ్నల్ వీక్‌గా ఉందండీ," అన్నాడు విల్‌ఫ్రెడ్.

"అండీ ఏటి? పదేళ్ళ కిందట మా ఎనక మెట్ల మీద కూకుని జామకాయలు తినీవోడివి. ఇప్పుడు అండీనా?"

"అప్పుడు నువ్వు టీచరమ్మవి కాదు గదా."

"మాట మార్చకు. పక్కన కృపమ్మగారింటికి వొస్తంది. అదే వైరు. వాళ్ళ గోడ దాటి మా గోడకి వొచ్చేసరికి వీక్ అయిపోనాదా?"

కింద నుంచి వెంకటరావు కేక వేశాడు. "దాదా, సిగ్నల్‌కి నీరసమైతే రైల్వే ఆస్పత్రికి తీసుకెళ్ళు! పాసు ఉంటాది!"

ఆలిస్ నవ్వలేదు. "ఆ ఛానెల్ నాక్కాదు, మా నాన్నకి కావాల. రోజూ సాయంత్రం టీవీ ముందు కూకుని అదే అడుగుతన్నాడు. ఎందుకో చెప్పడు. మా నాన్న సంగతి నీకు తెల్సు గదా."

తెలుసు. జ్ఞానరత్నం రిటైరైన మెయిల్ బండి డ్రైవర్. భార్య పోయి పదేళ్ళు. ఈ పదేళ్ళలో ఆయన నవ్వడం న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఎవరూ చూడలేదు. అంతకు ముందు చూశామన్నవాళ్ళూ తక్కువే. చర్చి కమిటీలో ఒకాయన మాట తూలితే ఏడేళ్ళు ఆయనకి వందనాలు చెప్పలేదు. అలాంటి మనిషి, ఇంట్లో టీవీ మాటే ఎత్తనివ్వని మనిషి, రిటైరయ్యాక తనే వెళ్ళి ఒకటి కొని తెచ్చాడు. వార్తల కోసం అన్నాడు.

"రేపొచ్చి చూస్తాను."

"రేపు రేపని మూడు వారాలైంది. ఆదివారం చుట్టాలొస్తన్నారు, వాల్తేరు నుంచి. అప్పటికి బాగుండాల." మెట్ల దగ్గర ఆగింది. "నన్ను చూడ్డానికి. బ్యాంకు క్లర్కంట. చిట్టెమ్మత్త తెచ్చిన సంబంధం."

చెప్పి అక్కడే నిలబడింది. వాన చూరు మీంచి ధారగా కారుతోంది. ఆమె చూపు మాత్రం అతని ముఖం మీదే ఉంది. అలాంటప్పుడు మగవాడు ఏదో ఒక మాట అనాలి. విల్‌ఫ్రెడ్ గుడ్డ తీసి వైర్ల మీది నీళ్ళు తుడిచాడు.

ఆమె వెళ్ళిపోయింది.

సిగ్నల్‌కి ఏ రోగమూ లేదు. వాళ్ళింట్లో టీవీ పెట్టిన రోజు ఛానెళ్ళు ఒక్కొక్కటే ట్యూన్ చేస్తూ, ఆ ఒక్కదాన్నీ విల్‌ఫ్రెడ్ కావాలనే వదిలేశాడు. ఎందుకంటే రోజూ సాయంత్రం నాలుగున్నరకి అందులో టోపీ తాబేలు వస్తుంది. ఆలిస్ దాన్ని చూసిందంటే తన పని అయిపోయినట్టే.

అది 1986 నాటి సంగతి. అప్పుడు విల్‌ఫ్రెడ్‌కి పన్నెండు, ఆలిస్‌కి పది. ఆ వరస క్వార్టర్లలో టీవీ విల్‌ఫ్రెడ్ వాళ్ళింట్లోనే ఉండేది. ఆదివారం పదింటికి టోపీ తాబేలు. అదో విదేశీ బొమ్మల కథ. నెత్తిన టోపీ, చేతిలో ట్రంకు పెట్టె, ఎప్పుడూ రైలుబండి అందుకోలేని తాబేలు. తొమ్మిదిన్నర నుంచే వాళ్ళ నాన్న డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవాడు. "వొచ్చిందా?" "లేదు!" "ఇప్పుడు?" "ఆఁ ఆఁ, అలాగే ఉంచు! కదలకు!" కలకత్తా బొమ్మ ఖరగ్‌పూర్ చేరాలంటే ఒక మనిషి ఎండలో నిలబడాల్సిందే.

విల్‌ఫ్రెడ్ వాళ్ళు ఆర్.సి.ఎం. కేథలిక్కులు. వాళ్ళ పూజ ఆరున్నరకి మొదలై ఎనిమిదికి అయిపోయేది. ఆలిస్ వాళ్ళు బాప్టిస్టులు. వాళ్ళ ఆరాధన తొమ్మిదికి. ప్రసంగం బాగుంటే పన్నెండుకి వదిలేవారు, బాగులేకపోతే పన్నెండున్నరకి. అందువల్ల ఆలిస్ ఒక్క ఆదివారం కూడా తాబేలుని చూడలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక విల్‌ఫ్రెడ్ ఆలిస్ వాళ్ళింటి వెనక మెట్ల మీద కూర్చుని ఆ వారం కథ చెప్పేవాడు. గుసగుసగా చెప్పేవాడు. మెట్ల పైనున్న కిటికీ లోపల జ్ఞానరత్నం పడుకునేవాడు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన డ్రైవర్‌ని నిద్ర లేపితే ఏమవుతుందో రైల్వే పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో గాలివాన వచ్చి యాంటెన్నా మీద పిడుగు పడింది. టీవీ కాలిపోయింది. దాన్ని మళ్ళీ ఎవరూ బాగు చేయించలేదు. ఆ ఆదివారం విల్‌ఫ్రెడ్ నిజం చెప్పేద్దామనే వెళ్ళాడు. ఆలిస్ అప్పటికే మెట్టు తుడిచి, జామకాయ కోసి, ఉప్పుకారం పెట్టుకుని ఎదురు చూస్తోంది. ఆ పళ్ళెం చూశాక నిజం నోటికి రాలేదు. టీవీ లేదంటే ఆదివారం ఆ మెట్ల మీద కూర్చోవడానికి కారణమే ఉండదు. కథ కల్పించాడు.

జూన్‌లో ఆలిస్ తల్లి పోయింది. మూడు వారాలు ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో ఆదివారం విల్‌ఫ్రెడ్ మెట్ల మీద కూర్చుని, వింటోందో లేదో చూడకుండా మొదలుపెట్టాడు. తాబేలు బాలాసోర్ స్టేషన్‌లో దిగింది. అక్కడ టికెట్ కలెక్టర్ ఒక కాకి. "టికెట్ ఏదీ?" అంటే, "నేను నడిచే వచ్చాను, బండే నా పక్కన పరిగెత్తింది," అంది తాబేలు. ఆలిస్ నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా, భుజాలు ఊగేలా నవ్వింది.

ఇంక ఆపలేదు. టీవీలో ఊరికే పడిపోయే తాబేలు విల్‌ఫ్రెడ్ నోట్లో ఊళ్ళు తిరిగింది. దొరికిన స్టేషన్‌లో కూర్చుని వాళ్ళమ్మకి ఉత్తరాలు రాసింది. ఏడాది పైన తిరిగి, చివరికి ఖరగ్‌పూర్ వస్తూ స్టేషన్‌కి ముందుండే అవుటర్ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. స్టేషన్ కనిపిస్తుంది, బండి కదలదు. "మిగతాది మళ్ళీ ఆదివారం," అన్నాడు విల్‌ఫ్రెడ్. ఆ బుధవారం చిట్టెమ్మ వచ్చి మేనకోడల్ని భీమిలి హాస్టల్‌కి తీసుకుపోయింది. తాబేలు అక్కడే ఉండిపోయింది.

గురువారం వాన కుండపోతగా కురిసి బడి తొందరగా వదిలేశారు. శుక్రవారం ఉదయం విల్‌ఫ్రెడ్ సైకిల్‌కి నిచ్చెన కట్టుకుని న్యూ సెటిల్‌మెంట్ పంపు దాటుతుంటే ఆలిస్ అడ్డం వచ్చింది.

"సైకిల్ దిగు."

దిగాడు.

"నిన్న కృపమ్మగారింట్లో చూసినాను, నాలుగున్నరకి. తాబేలు నీళ్ళలో పడింది. లేచింది. మళ్ళీ పడింది. అంతే. ఏదీ బాలాసోర్? ఏదీ కాకి? ఆవిడ మనవలు రోజూ చూస్తన్నారంట. అసలది మాటే ఆడదంట!"

"ఆడదు."

"మరి నువ్వు చెప్పింది?"

"పిడుగు పడి మా టీవీ కాలిపోయింది. ఎనభై ఏడు ఏప్రిల్‌లో."

ఆలిస్ నెలలు లెక్కపెట్టుకుంది. గొంతు తగ్గింది. "అమ్మ పోయింది జూన్‌లో."

"ఊఁ."

"అయితే ఆ ఉత్తరాలు..."

"నేను కల్పించినవే."

పంపు దగ్గర బిందెలు నిండుతున్నాయి. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళు పట్టడం మానేసి వింటున్నారు.

"హాస్టల్‌లో అందరికీ ఆ కథ చెప్పినాను. టీవీలో వొచ్చిందని ఒట్టేసినాను. ఇప్పుడు మా బళ్ళో పిల్లలకి చెప్తన్నాను. నన్నేటి చెయ్యమంటావు?"

"తప్పయిపోయింది, ఆలిస్."

"ఏది తప్పు? కథా, కావాలని రానివ్వని ఛానెలా?"

అతను ఆలోచించాడు. "ఛానెల్."

"అప్పుడంటే చిన్నపిల్లోడివి. ఈ మూడు వారాలూ ఏటయింది? నేను కోప్పడతానని భయమా?"

"కోప్పడితే పర్లేదు. నవ్వేసి ఊరుకుంటావని భయం. ఆ మెట్ల మీద కూకున్నదంతా ఒట్టిదే అనుకుంటావని."

ఆలిస్ సైకిల్‌కి అడ్డం తప్పుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "ఆదివారం వాల్తేరోళ్ళు వొస్తన్నారని నీకు చెప్పినాను. చెప్పి నిలబడ్డాను కూడా. నువ్వు వైర్లు తుడుసుకున్నావు."

ఇక వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. విల్‌ఫ్రెడ్ నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. అతను మంచివాడే. కాని ఆ మంచితనం సమయానికి నోరు విప్పదు. అలాంటి మంచితనంతో ఎవరికీ పని లేదు.

శనివారం సాయంత్రం వెంకటరావు మెట్లెక్కి వచ్చాడు. మొహంలో వేళాకోళం లేదు. "జ్ఞానరత్నంగారు రమ్మన్నారు. ఇప్పుడే అంట. చొక్కా మార్చుకుని ఎల్లు దాదా. ఏటైనా జరిగితే మంచి చొక్కాలో ఉంటావు."

జ్ఞానరత్నం టీవీకి ఎదురుగా, ఇంజన్‌లో కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు.

"ట్యూన్ సెయ్యి."

విల్‌ఫ్రెడ్ చేశాడు. సరిగ్గా నాలుగున్నర. టోపీ తాబేలు వంతెన మీంచి జారి నీళ్ళలో పడింది. లేచింది. మళ్ళీ పడింది. ఆయన కళ్ళు ఆర్పకుండా ఐదు నిమిషాలు చూశాడు.

"ఆపు. ఇది కాదు."

"ఇదేనండీ, అంకుల్. టోపీ తాబేలు."

"ఇది తెలివితక్కువది. నాకు కావలసింది అది." వేలితో వెనక కిటికీ చూపించాడు. "నేను నిద్రపోతన్నానని అనుకునీవోరు మీరిద్దరూ. ఆలిస్ అమ్మ పోయినాక నాకు నిద్రెక్కడిదిరా? కాకి టికెట్ అడిగిన రోజు నేనూ నవ్వినాను. దిండు అడ్డం పెట్టుకుని."

విల్‌ఫ్రెడ్ టీవీ కట్టేశాడు.

"టీవీ ఎందుకు కొన్నాననుకున్నావు? మిగతాది చూద్దామని. నిన్న రాత్రి ఆలిస్ చెప్పింది, అది టీవీలో లేదంట, నీ దగ్గరే ఉందంట. ముప్పై నాలుగేళ్ళు బండి నడిపినాను. ఏ అవుటర్‌లోనూ నన్ను రెండు గంటల కంటే ఆపలేదు. దాన్ని తొమ్మిదేళ్ళు ఆపినావు. ఏ సిగ్నల్ కేబిన్‌వాడైనా అలా ఆపుతాడా?"

వంటింటి గుమ్మంలో ఆలిస్ టీ గ్లాసులతో నిలబడి ఉంది. విల్‌ఫ్రెడ్ వైపు చూడలేదు. "గట్టిగా అడుగు నాన్నా. నేనూ ఇంటాను."

"చెప్పు," అన్నాడు జ్ఞానరత్నం.

విల్‌ఫ్రెడ్ చెప్పాడు. అలవాటు కొద్దీ గుసగుసగానే మొదలుపెట్టాడు.

"సిగ్నల్ ఎప్పుడో ఇచ్చినారండీ. డ్రైవర్ బండి కదిపినాడు. తాబేలే చైను లాగేసింది."

"ఎందుకు?"

"స్టేషన్‌లో తన కోసం ఒకరు కాసుకుని ఉన్నారని అంత దూరం వొచ్చింది. తీరా ఊరు కనపడినాక గుర్తొచ్చింది, ట్రంకులో ఏమీ లేదని. ఖాళీ ట్రంకు చూసి నవ్వుతారని భయం. బండి కదిలినప్పుడల్లా చైను లాగుతానే ఉంది."

"ఊరికే చైను లాగితే జైలు."

"అదే పడిందండీ. తొమ్మిదేళ్ళు." విల్‌ఫ్రెడ్ గొంతు సవరించుకున్నాడు. "ఇంతలో ఆ ఊరికి వాల్తేరు బండి వొస్తందని తెలిసింది. ఇంక ఆగలేదు. ట్రంకు బండిలోనే వొదిలేసి దూకింది. పట్టాల పక్కనే నడిచింది. న్యూ సెటిల్‌మెంట్‌లో ఒక ఇంటి ఎనక మెట్ల మీద ఒక పిల్ల ఉంది. ఆ పిల్లతో చెప్పింది. నాకు ఊరంటూ ఏదీ లేదు, నువ్వు ఇంటావనే ఇన్ని ఊళ్ళు తిరిగినాను, నిన్ను పెళ్ళి చేసుకోవాలని ఉంది, అని."

"ఎవరు? తాబేలా?"

"కాదండీ. నేను."

జ్ఞానరత్నం కూతురి వైపు తిరిగాడు. "నువ్వేటంటావు?"

"ఛానెల్ సంగతి జన్మలో మర్చిపోను," అంది ఆలిస్. టీ గ్లాసు తెచ్చి విల్‌ఫ్రెడ్ చేతికి ఇచ్చింది. వేళ్ళు తగిలాయి, ఆమె వెంటనే చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మిగతాదానికి ఒప్పుకుంటాను."

"మీరు ఆర్.సి.ఎం.," అన్నాడు జ్ఞానరత్నం.

"అవునండీ."

"మీ పూజ ఆరున్నరకి. మాది తొమ్మిదికి." ఆయన టైంటేబుల్ చూసినట్టు గోడ గడియారం వైపు చూశాడు. "మధ్యలో గంట ఉంది. రెండిటికీ ఎల్లొచ్చు. మీ ఇంట్లో నేను మాట్లాడతాను."

లేచి గొడుగు తీసుకున్నాడు. చిట్టెమ్మకి ఫోన్ చేయాలి, వాల్తేరు వాళ్ళు బండి ఎక్కకముందే. ఎస్.టి.డి. బూత్ దాకా నడవాలి. చెప్పులు వేసుకుని, గుమ్మంలో ఆగాడు.

"రేపు ఆరాధన అయినాక రా," అన్నాడు వెనక్కి తిరగకుండానే. "ఆ కాకి ఏటయిందో చెప్పలేదు నువ్వు. నాకిప్పుడు నైట్ డ్యూటీలు లేవు. గట్టిగా చెప్పు."