మామ్మగారు చూసిన పాట

"బ్యూగిల్ ఊదే మౌత్‌పీస్‌ని ఆఖరిదాకా జేబులోనే ఉంచు మారిట్. ఈ చలికి బయట పెడితే మంచుముక్క అయిపోతుంది," అన్నాడు ఓర్విల్ తాత, శ్మశానం గేటు దగ్గర కారు ఆపుతూ.

మారిట్ తల ఊపింది. ఒక జేబులో మౌత్‌పీస్ ఉంది. రెండో జేబులో ఇంకొకటి కూడా ఉంది. ఆ సంగతి తాతకు తెలియదు.

అదొక చిన్న స్పీకరు. బ్యూగిల్ గరాటులో చక్కగా ఇమిడిపోతుంది. మీట నొక్కాక కొన్ని క్షణాలు ఆగి, చనిపోయిన సైనికులకు వీడ్కోలుగా వాయించే 'ట్యాప్స్' దానంతట అదే మోగుతుంది. బ్యూగిల్‌ని పెదవులకు ఆనించి నిలబడితే చాలు, నిజంగా వాయిస్తున్నట్టే ఉంటుంది. వాయించేవాళ్లు దొరకని రోజున పనికొస్తుందని తాత దాన్ని కారులో ఉంచుతాడు. దారిలో ఆయన కాఫీకి దిగినప్పుడు మారిట్ దాన్ని గుట్టుగా తీసేసుకుంది.

పాపం, భయంతో చేసిన పని అది. ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన ఓర్విల్ తాత బడికి వచ్చి, "సైనికుల అంత్యక్రియల్లో ఎవరు వాయిస్తారు?" అని అడిగినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది తనే. తీరా ఈ రోజు పొద్దున్నుంచీ సాధన చేస్తుంటే, పాటలో అన్నిటికంటే పైనుండే ఆ ఒక్క స్వరం మాత్రం పగిలిపోతోంది.

"కోడి తోక తొక్కినట్టుంది," అన్నాడు తమ్ముడు సోరెన్, టోస్టు నములుతూ. "పెట్టెలో ఉన్నాయన లేచి చెవులు మూసుకుంటాడు!"

అప్పుడు వాడి మీదికి దిండు విసిరింది గానీ, ఆ మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది.

"బాకెన్ మామ్మగారు మరీ మరీ చెప్పారు," అన్నాడు తాత కారు దిగుతూ. "రికార్డు వద్దట. మనిషే వచ్చి వాయించాలట."

మారిట్ చెయ్యి స్పీకరున్న జేబు మీదికి వెళ్లింది. "ఎందుకట తాతా?"

"భర్త పోయినావిడని పట్టుకుని ఎందుకని అడుగుతామా?"

తాత తుపాకులు పట్టుకున్న ముసలి సైనికుల వరుసలోకి వెళ్లిపోయాడు. బ్యూగిల్ వాయించేవాళ్లు కాస్త దూరంగా నిలబడాలి. మారిట్ సమాధిరాళ్ల మధ్య నిలబడి, అటూ ఇటూ చూసి, స్పీకరును గరాటులోకి నొక్కింది. అనుమానం రాకుండా మౌత్‌పీస్ కూడా బిగించింది. 'పాట బాగా వస్తే మామ్మగారికే కదా మంచిది' అనుకుంది. తప్పు చేసేటప్పుడు మనకు ఇలాంటి కారణాలు భలే దొరుకుతాయి.

అంతలో బాకెన్ మామ్మగారే కూతురి చెయ్యి పట్టుకుని మంచులో అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది.

"నువ్వేనా వాయించేది?"

"అవునండీ," అంది మారిట్ తల దించుకుని.

"నా వైపు తిరిగి చెప్పు తల్లీ. నాకు చెవులు వినపడవు. పెదవులు చూసి మాట పోల్చుకుంటాను."

మారిట్ తలెత్తి మళ్లీ చెప్పింది.

మామ్మగారి మొహం విప్పారింది. "మా ఆయన వంటింట్లో ట్రంపెట్ వాయించేవాడు. నాకు చెవులు పోయాక ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు, ఎక్కడ బుగ్గలు బిగించాడు అని చూస్తుంటే పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోయేది. ఆయన కోసం వాయించే పాటని ఇవాళ నిన్ను చూస్తూ వింటాను. నా వైపు తిరిగి వాయిస్తావా?"

"సరేనండీ." మారిట్ గరాటును చేత్తో కప్పేసింది.

మామ్మగారు వెళ్లి కుర్చీలో కూర్చుంది. స్పీకరు తీసేద్దామనుకుంది మారిట్. కానీ ఆ పై స్వరం గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. ఊపిరి తీసుకున్నట్టు నటిస్తే సరిపోదా?

వీడ్కోలు వందనంగా తుపాకులు పేలాయి. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

మారిట్ మీట నొక్కి తలెత్తింది. అందరూ జెండా కప్పిన పెట్టెనే చూస్తున్నారు. మామ్మగారొక్కతే మారిట్ మొహాన్ని చూస్తోంది. రెప్ప కూడా వెయ్యడం లేదు.

ఆ కళ్ల ముందు మారిట్ నటించలేకపోయింది.

స్పీకరు పట్టుకుని లాగింది. చేతి తొడుగు వల్ల పట్టు జారింది. తొడుగును పళ్లతో పీకేసి మళ్లీ లాగింది. స్పీకరు ఊడి చేతిలోకి వచ్చింది, వస్తూనే తొలి స్వరం మొదలుపెట్టేసింది! మారిట్ గబుక్కున మీట నొక్కి దాన్ని మంచులో పడేసింది. తలలన్నీ ఇటు తిరిగాయి. ఓర్విల్ తాత కళ్లు పెద్దవయ్యాయి.

మౌత్‌పీస్ పెదవులను చురుక్కుమనిపించింది. మారిట్ గుండె నిండా ఊపిరి తీసుకుని వాయించడం మొదలుపెట్టింది.

తొలి స్వరాలు సాఫీగా వచ్చాయి. పాట పైకి వెళ్లింది. ఇంకా పైకి. అక్కడ, సరిగ్గా అక్కడే, పగిలిపోయింది.

ఎవరో ఉలిక్కిపడ్డారు. బ్యూగిల్ పడేసి పారిపోవాలనిపించింది. అయినా మారిట్ ఊపిరి తీసుకుంది. చివరి స్వరం మెల్లగా ఆగిపోయేదాకా బ్యూగిల్ దించలేదు.

అంతా అయ్యాక ఓర్విల్ తాత వచ్చి, వంగి స్పీకరు తీశాడు. "ఇదిక్కడికి ఎలా వచ్చింది?"

"నేనే తీశాను తాతా. మిమ్మల్ని అడగలేదు. సరిగ్గా రాదేమోనని భయమేసింది."

తాత స్పీకరు మీది మంచు దులిపి జేబులో వేసుకున్నాడు. "దాని సంగతి కారులో మాట్లాడదాం. ముందు వెళ్లు, ఆవిడ పిలుస్తున్నారు."

మామ్మగారు మారిట్ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "చాలావరకు చూశాను తల్లీ. పైకి వెళ్లే చోట మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగి నీ మొహం కనిపించలేదు. ఆ పై స్వరం ఎలా వచ్చింది?"

వెనక నిలబడ్డ కూతురు మారిట్ వైపు చూసి, బాగా వచ్చిందని చెప్పమన్నట్టు తల ఊపింది.

మారిట్ మామ్మగారికి ఎదురుగా తిరిగింది. పెదవులు బాగా కనబడేలా మెల్లగా చెప్పింది.

"రాలేదు మామ్మగారూ. అక్కడ పగిలిపోయింది. ఆపకుండా మిగతాది వాయించాను."

మామ్మగారు కళ్లు మూసుకుంది. ఆమె వేళ్లు మారిట్ చేతి మీద పాటను మొదటినుంచి తట్టడం మొదలుపెట్టాయి. పై స్వరం దగ్గర వేలు ఒక్క క్షణం వణికింది. మళ్లీ కదిలి చివరిదాకా వెళ్లింది.

మామ్మగారు కళ్లు తెరిచింది.

"ఇప్పుడు మొత్తం విన్నాను," అంది.