విరగని గేరు

దోమకు కట్టుడుపళ్ళు కావాలన్నా చెక్కి ఇస్తాడని అతని గురించి వీధిలో చెప్పుకునేవారు. ఇంతవరకూ ఏ దోమా వచ్చి అడగలేదు, అది వేరే సంగతి. కంపెనీలు ఎప్పుడో మూతపడిన పాత మిక్సీలకూ ఫ్యాన్లకూ బజారులో దొరకని గేర్లు తయారుచేయడం అతని పని. గేరు పళ్ళు అరిగితే అచ్చం అలాంటి కొత్త పళ్ళు తీర్చేవాడు. అందుకే అందరికీ అతను పళ్ళ డాక్టరు.

మందుల షాపు అమ్మాయి మొదటిసారి వచ్చినరోజు వాన. గొడుగు ఫ్యానుకు పట్టి, తను తడిసి వచ్చింది.

"డాక్టరుగారూ, మా తాతయ్య ఫ్యానుకు మెడ పట్టేసింది. తల తిప్పదు. గాలంతా గోడకే."

"వయసెంత?"

"ఎవరికి? నాకా?"

"ఫ్యానుకండీ."

"నాకంటే పెద్దదే. కాస్త మర్యాదగా చూడండి."

విప్పి చూస్తే, తల తిప్పే నైలాన్ గేరు పొడిపొడిగా రాలింది. నైలాన్ ముక్కను లేతు మిషను మీద తిప్పి, ఆకురాయితో పళ్ళు తీర్చడం మొదలుపెట్టాడు. ఆమె స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

"గేరును చూసినట్టు మనుషుల్ని ఎప్పుడైనా చూస్తారా?"

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. కొలత తప్పి, మళ్ళీ మొదటికొచ్చాడు.

ఆ గేరు నెల తిరక్కుండా విరిగింది. ఇంకోటి చేశాడు. అదీ విరిగింది. ప్రతిసారీ ఆమె కొత్త వెక్కిరింపు వెంటబెట్టుకుని వచ్చేది. ఆమె వస్తే పండగ, ఆ గేరు వస్తే తలవంపులు. ఆమె కోసం స్టూలుకు మెత్త కుట్టించాడు గానీ, "కూర్చోండి" అన్న మాట దాటి నోరు ముందుకు కదిలేది కాదు. విరిగిన గేర్లను చూడలేక డబ్బాలో పడేసేవాడు.

మూడోదీ విరిగి వచ్చినరోజు ఆమె వెక్కిరించలేదు.

"ఆదివారం మా ఇంటికి ఒక సంబంధం వాళ్ళొస్తున్నారు. ఏమంటారు?"

అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"ఆలోపే ఇచ్చేస్తానండీ. వచ్చినవాళ్ళ ముందు ఫ్యాను మీ పరువు తీయదు."

ఆమె స్టూలు మీంచి లేచింది.

"మీకంటే మా గోడ నయం. గాలి తగిలితే సున్నమన్నా రాలుస్తుంది."

ఈసారి నైలాన్ కాదు, ఇత్తడి. తన దిగులంతా ఆ పళ్ళ మీదే అరగదీశాడు. ఫ్యాను ఆమె చేతిలో పెట్టి, ఛాతీ కొంచెం పొంగించాడు కూడా.

"ఇక మీరు జన్మలో రానక్కర్లేదు."

"రానక్కర్లేదా?"

"ఏనుగు తొక్కినా విరగదండీ."

"సరే," అంది ఆమె. ఆ రోజు వాన లేదు. మరిచిపోయి వెళ్ళడానికి గొడుగైనా తేలేదు.

కొన్నాళ్ళకు వేరే పని మీద ఆ డబ్బా బోర్లిస్తే ఆమె గేర్లు దొర్లాయి. తన పనితనంలో లోపమెక్కడో చూద్దామని భూతద్దం పెట్టాడు. అరిగిన పన్ను నున్నబడుతుంది. ఇవి నున్నబడలేదు. విరిగిన ప్రతి పన్ను పక్కనా పట్టకారు కొరికిన గీతలు.

ఇంకొక నైలాన్ గేరు చేసి జేబులో వేసుకుని, లేతు ఆపడం కూడా మరిచిపోయి ఆమె ఇంటికి పరుగెత్తాడు.

ఆమె తాతయ్య పడక్కుర్చీలో ఫ్యాను ముందు ఉన్నాడు.

"రావయ్యా డాక్టరూ. గట్టివాడివే. ఆ ఆదివారం పొద్దున మా పిల్ల పట్టకారుతో ఆ గేరుమీద కుస్తీ పట్టింది. అరచెయ్యి బొబ్బలెక్కింది గానీ నీ ఇత్తడిది లొంగలేదు. మధ్యాహ్నం వచ్చినవాళ్ళకు సరేననేసింది."

ఆమె లోపలినుంచి వచ్చింది. వేలికి కొత్త ఉంగరం.

"కూర్చోండి," అంది.

అతను జేబులోంచి గేరు తీశాడు. "నైలాన్‌ది తెచ్చాను. మార్చేస్తాను."

"ఎందుకండీ? బాగానే తిరుగుతోందిగా."

ఫ్యాను ఆమె వైపు తిరిగింది. అతని వైపు తిరిగింది. మళ్ళీ ఆమె వైపు. మధ్యలో ఎక్కడా ఆగలేదు.