వాగు దగ్గర దిగబడిన ట్యాంకు

వెండెలిన్ దృష్టిలో మనుషులు రెండు రకాలు. ట్యాంకు అంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఒక రకం, మిగతా మూర్ఖులంతా రెండో రకం. మొదటి రకంలో అతనొక్కడే ఉన్నాడు.

స్లొవేకియా తూర్పు కొండల్లో, ఒక చిన్న పల్లె చివర అతను ఇల్లు కొనుక్కున్నది మంచి గాలి కోసం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో ఆ ఇంటి వెనక లోయలో ట్యాంకులు ఒకదాని వెనక ఒకటి తగలబడ్డాయి. ఆ లోయను ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకి ఎక్కించి, ట్యాంకు యుద్ధాల ఆటలో ఒక ఘట్టంగా మలచడం అతని పని. ఏ వాలు ఎంత జారుతుందో, వాన పడితే ఏ నేల ఎంత మెత్తబడుతుందో, డ్రైవరుకి ముందున్న సన్నటి సందులోంచి ఎంత మేర కనబడుతుందో అన్నీ కొలిచి పెట్టేవాడు. అతని ఘట్టాల్లో గెలిచినవాళ్ళు తక్కువ. అది అతనికి గర్వం.

లోపలినుంచి ఏమీ కనబడటం లేదని ఒక ఆటగాడు మొరపెట్టుకుంటే, "నిజం ట్యాంకులోనూ కనబడదు. ఊరు చూడాలనుంటే బస్సెక్కు" అని జవాబు రాశాడు. ఆ జవాబుని నలుగురికీ చదివి వినిపించుకున్నాడు కూడా.

నవంబరులో ఒక మధ్యాహ్నం, పక్కింటి పరాస్కా అవ్వ గిన్నెలో వేడి పిరోహీలు, కూర పెట్టి ఉడికించిన కజ్జికాయల్లాంటివి, పట్టుకొచ్చింది. గిన్నె బల్ల మీద పెట్టబోతూ తెర వైపు చూసి ఆగిపోయింది.

"ఇది మన వాగు కదా నాయనా?"

"గుర్తుపట్టావే. పైచదువులు చదివినవాళ్ళకంటే నువ్వే నయం అవ్వా."

"ఆ తుమ్మ మలుపు దగ్గర ట్యాంకు పెట్టకు."

వెండెలిన్ పిరోహీ నములుతూ నవ్వాడు. "ఏం, వాగుకి కోపం వస్తుందా?"

"అక్కడొకటి దిగబడింది. పైమూత కూడా మునిగిపోయింది. లోపలివాళ్ళు కొడుతూనే ఉన్నారు. ఇనుము మీద ఇనుము. అప్పుడు నేను చిన్నపిల్లని. మా నాన్న పార తీసుకుని లేచాడు. మా అమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది, పోనివ్వలేదు. బయట కాల్పులు ఆగలేదు మరి."

"తర్వాత తవ్వలేదా?"

"తవ్వారు. ట్యాంకు దొరకలేదు."

"దొరకదు. ఎందుకంటే లేదు కాబట్టి." అతను వేళ్ళు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు. "అక్కడి మట్టిని నేను చేత్తో తవ్వి చూశాను అవ్వా. ట్యాంకు బరువుకి ఆ నేల మోకాలి లోతు దిగుతుంది, అంతే. మూత మునగడానికి అదేమన్నా సముద్రమా? భయంతో పళ్ళు కటకటలాడించుకుని, ఆ చప్పుడే విని ఉంటారు మీ ఊరివాళ్ళు."

ముసలామె కోపం తెచ్చుకోలేదు. ఖాళీ గిన్నె చంకలో పెట్టుకుని, "లెక్క నీకు తెలుసు. చప్పుడు నేను విన్నాను" అని వెళ్ళిపోయింది.

ఆ మాట అతన్ని గుచ్చింది. అబద్ధమని తేల్చేయాలనిపించింది. అప్పటికప్పుడు ఘట్టంలో ట్యాంకు దారిని సరిగ్గా ఆ మలుపు మీదుగా మార్చాడు. కోషిత్సె నగరంలో ఉండే స్లావ్కాకి కబురు పెట్టాడు. అతని ఘట్టాలను పరీక్షించి చూసే మనిషి ఆమె. అతనితో ఎదురు మాట్లాడగలిగే మనిషి కూడా ఆమె ఒక్కతే.

పొద్దు వాలుతుండగా, ఎవరింట్లో వాళ్ళుండి, నెట్‌లో ఆట మొదలుపెట్టారు. అవతలి గట్టు మీద ఫిరంగులు స్లావ్కావి. ఇవతల ట్యాంకు వెండెలిన్‌ది. చెవులకి హెడ్‌ఫోన్లు, తెర మీద వాన, ఇంజను మూలుగు, సందులోంచి బూడిదరంగు గడ్డి.

"దొరవారు ఈసారైనా వాగు దాటుతారా?" అంది స్లావ్కా.

"నీలాంటివాళ్ళు కాపలా ఉంటే మేకలు కూడా దాటుతాయి."

ట్యాంకు మలుపు తిరిగి నీళ్ళలోకి దిగింది. ముక్కు వంగింది. మోకాలి లోతు వచ్చింది. ఆగాలి. ఆగలేదు. మెల్లగా, బరువుగా, ఎవరో కింద నుంచి పట్టి లాగుతున్నట్టు దిగిపోతూనే ఉంది. సందులో గడ్డి పోయింది. నీళ్ళు పోయాయి. గోధుమరంగు బురద... తర్వాత నలుపు.

"చెత్త ప్రోగ్రాము" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. మీటలు నొక్కాడు. తెర వెలగలేదు.

టక్... టక్... టక్.

"ఈ చప్పుడు భలే పెట్టావు" అంది స్లావ్కా. "ఒళ్ళు జలదరిస్తోంది."

"నేను పెట్టలేదు. నువ్వు పెట్టావు. ఆ ముసలిదాంతో కలిసి నాతో ఆటలాడుతున్నావా?"

"ఏ ముసలిది?"

అతను హెడ్‌ఫోన్లు తీశాడు. గదిలో ఏ చప్పుడూ లేదు. గోడ గడియారం కూడా వినబడటం లేదు. తడిమట్టి వాసన... దాని వెనకే డీజిలు వాసన. హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకున్నాడు. చప్పుడు ఇంకా దగ్గరకొచ్చింది.

"వెండెలిన్." స్లావ్కా గొంతు తగ్గించింది. "అది ఆటలోంచి రావట్లేదు. నీ మైకులోంచి వస్తోంది. నీ గదిలోంచి."

అతను తిట్టబోయాడు. దీపం వేద్దామని చెయ్యి చాపాడు. బల్ల తగల్లేదు. గోడ తగల్లేదు. మొహానికి జానెడు దూరంలో చల్లటి ఇనుము తగిలింది. తడిగా ఉంది. పక్కకి చాపాడు. ఇనుమే. తల పైకెత్తాడు. ఇనుమే. చీకట్లో, అతని మోచేతిని రాసుకుంటూ... ఎవరిదో భుజం వణుకుతోంది.

అతను అరిచాడో లేదో అతనికే తెలియదు. హెడ్‌ఫోన్లు లాగి పారేసి వెనక్కి పడ్డాడు. నేల తగిలింది. తలుపు దొరికింది. వానలో చెప్పుల్లేకుండా పరిగెత్తి పరాస్కా అవ్వ తలుపు మీద పడ్డాడు.

ఆమె అతన్ని పొయ్యి పక్కన కూచోబెట్టింది. దుప్పటి కప్పి, వేడిపాలు చేతికిచ్చింది. మూర్ఖుడా అని తనని తను తిట్టుకుంటున్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట సరైన మనిషికి తగిలింది.

జేబులో ఫోను మోగింది. స్లావ్కా.

"ఏమైపోయావు ఇందాక? సరే, గెలిచావులే" అందామె. గొంతులో నవ్వు, నవ్వులో అలసట. "నీ వాళ్ళు మూత తీయమని బతిమాలుతుంటే పాపమనిపించింది. నేనే తీశాను. బయటినుంచి మూత తీసే వీలు పెట్టావని నాకు ముందే చెప్పొచ్చుగా?"

అతను పాలగ్లాసు కింద పెట్టాడు. "నేను ఆటలో లేను స్లావ్కా. పరాస్కా అవ్వ ఇంట్లో ఉన్నాను."

"వేళాకోళం వద్దు" అంది స్లావ్కా, చాలా నెమ్మదిగా. "ముగ్గురు బయటికొచ్చి గట్టెక్కి వెళ్ళిపోయారు. ఒకడు మాత్రం లోపలే ఉన్నాడు. రమ్మంటే రావట్లేదు. పేరడిగితే నీ పేరు చెబుతున్నాడు... నీ గొంతుతోనే."