తక్కువ రేటు కోట్ చేసిన ఆవిడ

ఇస్త్రీ పెట్టె కింద చొక్కా కాలరు బుస్సుమంటోంది.

లోరీన్ దాన్ని ఇంకాస్త గట్టిగా నొక్కుతోంది.

నీలం చొక్కా. చర్చికీ పెళ్ళిళ్ళకీ వేసుకునేది. ఈ మధ్య మంగళవారాలు కూడా వేసుకుంటున్నాడు ఆమె భర్త డ్వైట్.

బంతి దొర్లించే బౌలింగ్ ఆటకి ఇస్త్రీ చొక్కా!

ఆమె చొక్కా అందిస్తుంది. డ్వైట్ తొడుక్కుంటాడు, అద్దంలో చూసుకుంటాడు. త్వరగానే వచ్చేస్తాననీ, వస్తూ బ్రిస్కెట్ మాంసం పట్టుకొస్తాననీ చెప్పి గడప దాటుతాడు.

పికప్ కదిలిన చప్పుడు.

లోరీన్ ప్లగ్ పీకేసింది. వ్యాన్ తాళాలు... ఎక్కడ?

ఫ్రిజ్ మీద!

పరుగు.

అప్పుడే చీకటి పడుతోంది. టెక్సస్‌లో సెప్టెంబరు. సూర్యుడు పోయినా వేడి పోలేదు. వ్యాన్ లైట్లు వెయ్యలేదు ఆమె. ముందు పికప్ వెనక లైట్లు, రెండు ఎర్ర చుక్కలు. వాటిని వదలకూడదు. అంతే.

బౌలింగ్ హాలుకి ఎడమకి తిరగాలి.

ఎర్ర చుక్కలు కుడికి తిరిగాయి!

లోరీన్ అనుకున్నదే. అయినా కళ్ళతో చూస్తే వేరు.

డ్వైట్ ఎవరి దగ్గరికి పోతున్నాడో, ఆవిడ ఎవరో లోరీన్‌కి తెలియదు. ఆవిడ కంపెనీ పేరు మాత్రం తెలుసు.

గ్రే డవ్.

లోరీన్‌ది కాన్వాస్ పని. ఆర్మీ లారీల మీద వేసే కవర్లు కుడుతుంది. తండ్రి నేర్పిన విద్య. ఇంటి వెనక షెడ్డు, అందులో మిషన్లు. కుట్టడం ఆమె పని, కాగితాలు చూసుకోవడం డ్వైట్ పని. ఊరి చివరే ఆర్మీ బేస్. ఆ బేస్ కొనుగోళ్ళ ఆఫీసు ఏం కొన్నా, ఎవరి దగ్గర కొన్నా, ప్రభుత్వం వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు.

లోరీన్ చూసింది. పక్కింటి వాళ్ళు టీవీ సీరియల్ చూసినట్టు, రోజూ సాయంత్రం కూర్చుని చూసింది. ఆ ఆఫీసు ఏ నెలలో కొంటుంది, ఏ సైజులు అడుగుతుంది, ఎవరికి మళ్ళీ మళ్ళీ ఇస్తుంది, ఆర్థిక సంవత్సరం చివర బడ్జెట్ మురిగిపోకుండా సెప్టెంబరులో ఎంత హడావిడి పడుతుంది... ఎక్కడ అడుగు పెడితే తనకీ ఒక ఆర్డరు దొరుకుతుంది...

చూసేకొద్దీ ఒకటే పేరు.

గ్రే డవ్. గ్రే డవ్. మళ్ళీ గ్రే డవ్!

లోరీన్ షెడ్డు డ్వైట్ పేరు మీదుంది, అందుకని ఆడవాళ్ళ కంపెనీలకని విడిగా ఉంచే కాంట్రాక్టులు ఎలాగూ ఆవిడవే. మిగతావి కూడా ఆవిడకే. ఎప్పుడు చూసినా లోరీన్ రేటు కంటే వెంట్రుకవాసి తక్కువ. మహిళ యజమాని అని రాసి ఉంటుంది తప్ప ఆ మహిళ పేరు ఉండదు. పక్క కౌంటీలో ఒక పోస్టుబాక్సు, అంతే.

ఈ నెల ఆర్డరు కూడా పోతే లోరీన్ షెడ్డు మూతే. ఒక మిషను అప్పుడే అమ్మేసింది.

లోరీన్ రేటు ముందుగా తెలిసేది ఇద్దరికే. ఆమెకి. కాగితాలు పంపే డ్వైట్‌కి.

కడుపులో మంట అక్కడే. ఆర్డరు పోతే పోనీ... తను రాత్రి భర్త పక్కన పడుకుని చెప్పుకున్న రేటు, ఇంకో ఆడదాని చెవిలో పడుతోందే!

బ్రేక్!

క్రాసింగ్ దగ్గర ఆర్మీ లారీల కాన్వాయ్. మిలిటరీ పోలీసు చెయ్యెత్తి ఆపేశాడు. డ్వైట్ అవతల. ఆమె ఇవతల.

ఒక లారీ. ఇంకో లారీ. ఇంకోటి...

ప్రతిదాని మీదా కొత్త కవరు. గ్రే డవ్ కవరు! కొత్త బట్టలు కట్టుకుని వీధిలో చూపించుకుంటున్నట్టు, ఒక్కొక్కటే ఆమె ముందునుంచి తాపీగా పోతోంది.

లోరీన్ చూపు కుట్టు మీదే ఉంది. ఒక కవరుకి మూల దగ్గర దారం విడిపోయి గాలికి కొట్టుకుంటోంది. ఆమెకి సంతోషం వేసింది. సంతోషించినందుకు సిగ్గు కూడా పడలేదు.

ఇంకెంతసేపులే. పోయిన వారమే ఫిర్యాదు చేసింది తను. ఆర్మీకి ఇచ్చే కాన్వాసు అమెరికాలోనే నేయాలి, అమెరికాలోనే కుట్టాలి. చట్టం అది. తను లాభం వదులుకుని చెప్పే రేటు కంటే తక్కువకి గ్రే డవ్ ఇక్కడ కుట్టడం కుదరదు, ఆ కంపెనీ సంగతేంటో చూడండని చెప్పింది. టిల్మన్ అనే ఇన్వెస్టిగేటరు మర్యాదగా విన్నాడు. ఈ రాత్రే ఇంటికొచ్చి మాట్లాడతానన్నాడు.

డ్వైట్‌కి ఈ ముక్క తెలియదు.

ఆఖరి లారీ పోయింది. పోలీసు చెయ్యి దించాడు.

ఎర్ర చుక్కలు లేవు!

లోరీన్ యాక్సిలరేటర్ తొక్కింది. వ్యాను గజగజ వణికింది. వంతెన... పెట్రోలు బంకు... పత్తి చేలు... ఏమీ లేదు... ఏమీ లేదు...

అదిగో!

అద్దె గోదాములు. వరసగా రేకు షట్టర్లు. ఒక షట్టరు సగం ఎత్తి ఉంది. దాని ముందు డ్వైట్ పికప్.

వ్యాను దూరంగా ఆపి దిగింది. కంకర మీద అడుగులో అడుగు. చేతిలో కాన్వాసు కత్తెర ఉంది. ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలియదు.

లోపల నవ్వు. ఆడ నవ్వు.

లోరీన్ వంగి చూసింది.

ఇరవై ఏళ్ళ పిల్ల. చూయింగ్ గమ్ నములుతూ మిషను ముందు కూర్చుంది. చుట్టూ ఓడల మీద వచ్చిన బేళ్ళు, వాటి మీద ఏదో పరాయి లిపి. పిల్ల ఒక్కో కవరు లాగుతోంది. పాత లేబుల్ కత్తిరిస్తోంది. "అమెరికాలో తయారైంది" అనే కొత్త లేబుల్ కుడుతోంది. డ్వైట్ నీలం చొక్కా చేతులు మడిచి కవర్లు మోస్తున్నాడు.

ఆవిడ ఈ పిల్లా? కాదు. పిల్ల అతన్నే అడుగుతోంది.

"ఓనరమ్మ ఒక్కసారైనా ఇటు రాదేంటి సార్? ఎలా ఉంటుందావిడ?"

"ఆవిడకి తీరికెక్కడిది?" అన్నాడు డ్వైట్. "పనిలో పడితే అన్నం కూడా గుర్తుండదు. ఈ చుట్టుపక్కల అలాంటి పనిమంతురాలు లేదు."

"మీరంటే బాగా నమ్మకం అనుకుంటా."

"నేను చూపించిన చోట సంతకం పెడుతుంది. ఏంటని అడగదు. బంగారం."

బంగారం!

లోరీన్‌కి బేళ్ళు కనిపించడం లేదు. లేబుళ్ళు కనిపించడం లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన పని గురించి ఈ మనిషి ఒక్క మంచి మాట అన్నాడా? ఆవిడెవతో పనిమంతురాలట. ఆవిడ బంగారమట...

వెనక్కి అడుగేసింది.

కాలికి తగిలి డబ్బా దొర్లింది!

లోపల మాటలు ఆగిపోయాయి. టార్చి వెలుగు. ఎవరక్కడ అని డ్వైట్ గొంతు.

లోరీన్ నేల మీద బోర్లా పడుకుంది. వెలుగు ఆమె జుట్టు మీదుగా జారి పక్కకి పోయింది. పిల్లి అయి ఉంటుందని లోపలి పిల్ల నవ్వింది. షట్టరు కిందికి దిగింది.

వ్యాను. రోడ్డు. ఇల్లు.

డ్వైట్ వచ్చేసరికి ఆమె బల్ల మీద పళ్ళేలు సర్దుతోంది. అతను ఈల వేస్తూ బ్రిస్కెట్ పొట్లం విప్పాడు. ఆట ఎలా సాగిందని ఆమె అడిగింది. గెలిచానన్నాడు. ఆమె ఊరవేసిన మిరపకాయల సీసా అతని ముందుకు జరిపింది.

తిను. బాగా తిను.

కిటికీ అద్దం మీద హెడ్‌లైట్లు పాకాయి.

తలుపు తట్టారు. లోరీనే వెళ్ళి తీసింది. పొడుగ్గా, టోపీ చేత్తో పట్టుకుని, టిల్మన్.

"గ్రే డవ్ మీద ఫిర్యాదు చేసింది మీరేనా అమ్మా?"

"నేనే." ఆమె టిల్మన్ వైపు కాదు, డ్వైట్ వైపు చూస్తూ అంది.

డ్వైట్ ఫోర్కు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఎంత హాయిగా ఉందో ఆ ముఖం చూడటానికి! ఇప్పుడు చెప్పు ఎవరు బంగారమో. పిలువు ఆ పనిమంతురాల్ని, వచ్చి నిన్ను కాపాడుతుందేమో...

టిల్మన్ కూర్చోలేదు. కాసేపు టోపీ అంచు తడుముకున్నాడు.

"ఈ ఉద్యోగంలో చాలా ఏళ్ళున్నాను. తన కంపెనీ మీద తనే ఫిర్యాదు చేసుకున్న మనిషిని చూడటం ఇదే."

లోరీన్‌కి అర్థం కాలేదు.

"ఎవరి కంపెనీ?"

"మీదేనమ్మా. గ్రే డవ్ ఓనరు లోరీన్ వాసెక్. ప్రతి కాంట్రాక్టు మీదా మీ సంతకం ఉంది. కవర్లు ఇక్కడే తయారయ్యాయని హామీ ఇచ్చింది కూడా మీరే. ఇది జైలు కేసు."



మిషను నడుస్తుండగా డ్వైట్ తన పక్కకి జరిపే కాగితాలు... పన్ను కాగితాలే, ఇక్కడొకటి పెట్టు, ఇక్కడొకటి... ఆమె సూది మీంచి చూపు తిప్పకుండానే పెట్టిన సంతకాలు...

ఇన్నాళ్ళూ ఎవరి మీద కుళ్ళుకుంది తను!

టిల్మన్ డ్వైట్ వైపు తిరిగాడు. ఈ వ్యాపారం సంగతి మీకేమైనా తెలుసా అని అడిగాడు.

డ్వైట్ ఫోర్కు కింద పెట్టాడు. రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. పెళ్ళాం ముఖం వైపు చూడలేదు.

"నాకేం తెలుసు సార్? అదంతా మా ఆవిడ వ్యాపారం. మంగళవారాలు నేను బౌలింగ్‌కి పోతాను."

లోరీన్ అతన్ని చూసింది. అరవొచ్చు. ఏడవొచ్చు. ఆ పళ్ళెం తీసి ముఖాన కొట్టొచ్చు.

గోదాము ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఆ పిల్లకి డ్వైట్ తెలుసు. లోరీన్ ముఖం మాత్రం తెలియదు.

ఆమెకి ఇంత తెలుసని డ్వైట్‌కి తెలియదు.

ఆమె వ్యాను తాళాలు తీసుకుంది. టిల్మన్ కళ్ళలోకి సూటిగా చూసి, తలుపు వైపు తల ఊపింది. అతను టోపీ పెట్టుకున్నాడు.

"లోరీన్... ఎక్కడికే?" డ్వైట్ కుర్చీ వెనక్కి పడింది. "లోరీన్!"

ఆమె గడప దాటింది. వెనకే టిల్మన్.